ముడుపు బరువు

పదింటికి కాంట మీద పెడుతరు. ఇప్పుడు తొమ్మిది దాటింది, ఎంత దాటిందో చూడ, గోడ మీది గడియారం దిక్కు మెడ తిప్పనని ఒట్టు పెట్టుకున్న, చూసినకొద్ది అది నిలవడ్డట్టే ఉంటది. కరీంనగర్ల గీ పిల్లల దవాఖాన మొదటి అంతస్తుల, అద్దాల తలుపు బయట ఇనుప కుర్చీల కూసున్న, ఆపరేషన్ కుట్లు గుంజుతుంటె ఒక పక్కకు ఒరిగిన. లోపల నా బిడ్డ ఉన్నది. ఏడో నెలలనే ఉరికొచ్చింది, తొందరల నా పోలికే, అద్దాల పెట్టెల పండుకున్నది, ముక్కుల సన్నటి పైపు, ఆ పైపులకెల్లే పాలు. కిలోన్నర గూడ లేదు. నిన్న డాక్టరమ్మ సాఫ్ సీదా చెప్పింది: రేపు గూడ బరువు ఎక్కితె పైపు తీసి చెంచతోని పాలు పట్టిద్దాం, ఎక్కకుంటె ఇక్కడ ఉంచుకునుడు మంచిది కాదు, హైదరాబాద్ తోలిస్త అన్నది. ఎక్కుతదా, ఎక్కదా. గీ రెండు మాటలే పొద్దటి సంది నెత్తిల తిరుగుతున్నయి. మంచిర్యాల సర్కారు కాలేజీల ఎన్నేండ్ల సందో ఫిజిక్స్ చెప్తున్న, ద్రవ్యరాశి వేరు, భారం వేరు, రెండిట్ని కలిపి రాస్తె మార్కులు కోస్తనని పిల్లలను అదిలిచ్చిన, ఇయ్యాల నాకు ఆ తేడాతోని ఏం పని లేదు. ద్రవ్యరాశో, భారమో, ఏదైతేంది, ఎక్కితె చాలు.

హైదరాబాద్ తొవ్వ తలుచుకుంటెనే పానం కొట్టుకుంటంది. రాజీవ్ రహదారి మీద లారీలు, అడుగడుగుకు గతుకులు, అంబులెన్స్‌ల పిడికెడంత పిల్ల, ఆక్సిజన్ పైపు ఊడితె ఎవరు చూస్తరు, డ్రైవర్ ఫోన్ల మాట్లాడుకుంట తోలితె. ఛీ, ఏం ఆలోచన ఇది. కిటికీలకెల్లి బయటికి చూడు నవతా, బజారు చూడు. కింద బెల్లం దుకాణం ముందట మూడు కట్టెలు నిలవెట్టి పెద్ద తరాజు ఏలాడదీసిన్రు. సమ్మక్క జాతర దగ్గరపడ్డది, మొక్కున్నోళ్ళంత నిలువెత్తు బంగారం జోకిపిచ్చుకుంటున్నరు. బంగారమంటె బెల్లమే, కని తల్లి పేరు మీద జోకినంక దాన్ని బెల్లమంటె మా అత్తమ్మ ఊకోది. ఒక పెద్దమనిషి కాళ్ళు ముడుసుకొని పళ్ళెంల కూసున్నడు, బొర్ర మోకాళ్ళ మీద పడ్డది, అవుతల పళ్ళెంల ముద్ద మీద ముద్ద పెడుతున్నరు, ఇంకా లేస్తలేడు, చుట్టున్నోళ్ళు నవ్వుతున్నరు, ఆయన గూడ నవ్వుతుండు. ఏమన్న అదృష్టమా, బరువుందని నవ్వుడు. మా అత్తమ్మ ఐలవ్వ గూడ మొక్కింది, పిల్ల పుట్టిన పొద్దే, తల్లీ బతికియ్యి, పిల్లెత్తు బంగారం ఇస్తనని. నాకు ఇనంగనే కోపమొచ్చింది. కిలోన్నర లేని పిల్లకు బెల్లం ఎంత వస్తది, ఒక చిన్న ముద్ద, దుకాణమాయన గూడ నవ్వుతడు. ముక్కు మీదనే ఉంటది నాకు కోపం, మా ఆయన లక్ష్మణ్ అంటనే ఉంటడు, నీకు కోపం తీసేస్తె కాంట మీద సగమే తూగుతవని. ఆయన బొగ్గుబాయిల పొద్దటి షిఫ్టుల ఉన్నడు ఇప్పుడు, భూమి కింద, అక్కడికి ఫోను పోదు. మంచిదే, ఫోను పోతె ఏం చెప్పాలె.

ఆ పళ్ళెంల కూసున్నాయన బరువు యాడికెల్లి వచ్చింది. అన్నం తిని అంటరు అందరు. అన్నం బరువు యాడికెల్లి వచ్చింది. గిట్ల అడుక్కుంట పోతె చివరికి ఎవ్వరికి జవాబు రాదు, నాకొక్కదానికి వస్తదని క్లాసుల జర ఫోజు కొడుత. పోయిన వానకాలం ఒక పొద్దు, టీవీల ఎవలో కోటు తొడుక్కున్నాయన దైవకణం, దైవకణం అని ఒర్రుతుండు. అత్తమ్మ చిక్కుడుకాయలు ఇరుసుకుంట, దేవుని కణమా, గదేం జేస్తదే నవతా అనడిగింది. నేను పేపర్లు దిద్దుతున్న. అన్నిటికి బరువు ఇస్తదత్తమ్మ అన్న. దేవుడే బరువిస్తడా అన్నది. ఔ, గట్లనే అనుకో అన్న, ఇంకో ప్రశ్న రాకుంటె చాలని. ఆమె చిక్కుడుకాయ చేతుల వట్టుకొని టీవీ దిక్కే చూసుకుంట, మా సమ్మక్క తల్లికి గూడ రూపం లేదు, అంతట ఉంటది అన్నది. నేను తలకాయ ఊపిన. క్లాసుల పిల్లలు గింత తప్పంటె చాక్‌పీసు ఇసిరేదాన్ని, ఇంట్ల మాత్రం తలకాయ ఊపుడే.

అది దేవుడూ కాదు, బరువులు పంచిపెట్టే కణమూ కాదు. మనం ఖాళీ అనుకునే జాగ ఖాళీ కాదు, గంతే సంగతి. చుక్కల నడుమ ఏమీ లేనికాడ, గీ కుర్చీకి ఆ తలుపుకు నడుమ, నా ఊపిరికి ఊపిరికి నడుమ గూడ ఒక క్షేత్రం నిండుగ ఉన్నది, తీసేద్దామన్న తీయరాదు. ఎలక్ట్రాన్ దాన్ని జర తాకుతది, గందుకే జరంత ద్రవ్యరాశి. కొన్ని గట్టిగ తాకుతయి, అవి బరువు. కాంతి తాకనే తాకది, గందుకే దానికి బరువూ లేదు, నిలవడుడూ లేదు. ఆ క్షేత్రాన్ని గట్టిగ కదిలిస్తె లేసే అల పేరే హిగ్స్ కణం. గైడ్లల్ల ఏం రాస్తరంటె, జాతరల పెద్ద లీడర్ నడుస్తుంటె జనం మీద పడుతరు, నడక బరువైతది, మామూలు మనిషి సర్రున పోతడు, గదే హిగ్స్ అని. చదివితె నా ఒళ్ళు మండుతది. జనంల ఇరుక్కున్నోడు నిలవడిపోతడు గద, ద్రవ్యరాశి ఉన్నది నిలవడదు, పోయేది పోతనే ఉంటది. దాని నడక మారుస్తనంటెనే మొండికేస్తది. ద్రవ్యరాశి అంటె రాపిడి కాదురా, మొండితనం అని బల్ల గుద్ది చెప్పిన. నా బిడ్డ మొండిది కావాలె. నాకంటె మొండిది కావాలె, ఎవ్వరి మాట ఇనొద్దు, పొమ్మంటె పోవద్దు, నేను ఇంట్ల నెత్తి కొట్టుకునేటంత మొండిది కావాలె.

తలుపు తెరుసుకున్నది. సిస్టర్ స్పందన, చేతుల ట్రే, నా దిక్కు చూసి నవ్వినట్టు చేసి అవుతలికి పోయింది. ఆ నవ్వుల ఏమున్నది, నిన్నటి నవ్వేనా, జర తక్కువున్నదా. నిన్న పదింటికి గీ స్పందననే ఉరికొచ్చి ఇరవై గ్రాములు ఎక్కింది మేడం అన్నది, నేను గోడకు ఆనుకొని ఏడ్చిన, అంతకుముందు మూడు దినాలు ఎక్కుడు లేదు, దిగుడే ఉండె. ఇరవై గ్రాములంటె ఎంత, పిడికిట్ల పల్లీలంత గూడ లేదు. మేడం, జరం తగ్గింది గద, మీరు గూడ పిల్లను ఛాతి మీద పెట్టుకోవచ్చు అన్నది స్పందన అప్పుడే. కుట్లకు చీము పట్టి జరమొస్తె నన్ను పిల్లకాడికి రానియ్యలే ముందుగాల, పిల్ల బాపమ్మ, మా అత్తమ్మనే పెట్టుకున్నది, పొద్దున గంట, పొద్దుగూకి గంట, రైక ఇప్పి పిల్లను ఎదకు ఆనిచ్చుకొని మీదికెల్లి గుడ్డ కట్టించుకొని కూసుంటది. తల్లిదో బాపమ్మదో ఒంటి వేడి తగిలితె నెల తక్కువ పిల్లలు ఊపిరి మంచిగ తీస్తరు, బరువు ఎక్కుతరు. నిన్న నేనేమన్న, ఇంకా ఒళ్ళు వెచ్చగనే ఉన్నది సిస్టర్ అన్న. లేదు. జరం పోయి రెండు దినాలైంది. చేతులు పట్టుకొని చూసుకున్న, సల్లగ ఉన్నయి, బెదురుకు సల్లగ ఉన్నయి.

పట్టుకుంటె ఏమైతది. ఇరుగుతదా. పుట్టిన పొద్దు చూపిచ్చిన్రు, చెయ్యి నా వేలంత, తోలు కిందకెల్లి నరాలు కనవడ్డయి, కండ్లు మూసుకున్న. ఇంతకుముందొకటి నిలవలే, నాలుగో నెలల పోయింది, దాన్ని చూడలే, పట్టుకోలే, గందుకే బతికిన అనుకుంట. చూడనిదాన్ని మర్సిపోవచ్చు. కొంచెం కొంచెం మర్సిపోవచ్చు. పట్టుకున్నదాన్నెట్ల మర్సిపోవాలె. మొన్న క్లాసుల, మొన్న కాదు ప్రసూతి సెలవుకు ముందు, వెనక బెంచి వనిత లేసింది. ఒంట్ల ఉన్నయన్నీ ప్రోటాన్లు, న్యూట్రాన్లే అని చెప్తున్న, ప్రోటాన్ల మూడు క్వార్కులు ఉంటయి, హిగ్స్ వాటికి ఇచ్చిన బరువు మూడిటిదీ కలిపి చూస్తె ప్రోటాన్ బరువుల నూటికి ఒక్క పాలు అని బోర్డు మీద రాసిన. మరి కడమ తొంభైతొమ్మిది పాళ్ళు ఎవరియి మేడం అన్నదా పిల్ల. మూడిటిని కట్టి పడేసే బలానియి అన్న. అన్నిటికంటె గట్టి బలం అది. క్వార్కులు ఆ ఇరుకు జాగల ఉరుకులాడుతయి, నడుమ గ్లువాన్లు గుంజుతనే ఉంటయి, ఆ ఉరుకులాట, ఆ గుంజులాట, ఆ శక్తంత బయటికి బరువై కనవడుతది. వనిత కూసుంటలేదు. అంటె పట్టుకొని ఉండుటానికే గంత బరువా మేడం అన్నది. పోరగాండ్లు నవ్విన్రు. నేను నవ్వలే, ఔ అన్న, పట్టు తీసేస్తె మనిషి బరువు నూటికి ఒక్క పాలే అన్న. పట్టు ఎట్ల తీస్తరు మేడం అన్నది. తియ్యరాదు, గుంజినకొద్ది గట్టిగైతది, ఇంకా గుంజితె ఆ గుంజిన శక్తిలకెల్లి కొత్త జోడు పుట్టుకొస్తది, ఒంటరి క్వార్కును ఇప్పటిదనుక ఎవ్వలు చూడలే అన్న. బోర్డు కాడ ఎంత సులువుగ చెప్పిన. ఆ ఒక్క పాలు ఏం లెక్కలే అని ఒగడన్నడు, వాణ్ణి గూడ నిలవెట్టిన: హిగ్స్ లేకుంటె ఎలక్ట్రాన్‌కు బరువు లేదు, బరువు లేకుంటె అది ప్రోటాన్ చుట్టు నిలువది, పరమాణువే లేదు, నీళ్ళు లెవ్వు, పాలు లెవ్వు, నువ్వు లెవ్వు, కూసో అన్న. రెండూ కావాలె. ఒక్క పాలూ కావాలె, తొంభైతొమ్మిదీ కావాలె.

నేను మందమర్రి బొగ్గుబాయి క్వార్టర్లల్ల పెరిగిన. వేళకాని వేళ సైరన్ కూస్తె మా కాలనీ ఆడోళ్ళంత బాయి గేటు కాడికి ఉరికేటోళ్ళు, బీహారోళ్ళు, ఒరియావోళ్ళు, మనోళ్ళు, భాష తెల్వనోళ్ళు గూడ ఒకలి కొంగు ఒకలు పట్టుకొని నిలవడేటోళ్ళు. ఎవ్వలు ఏడ్వకపోయేది. ఏడిస్తె నిజమైతదన్నట్టు. మా అవ్వ నా చెయ్యి పట్టుకునేది, ఎంత గట్టిగంటె గాజులు దిగి నా మణికట్టు ఎర్రగయ్యేది, బాపు బాయిలకెల్లి బయటికొచ్చినంకనే ఇడిచేది. ఎదురుచూసుడు నేర్చుకున్న నేను, పుట్టుకతోని వచ్చిన విద్య, అయినా గీ గంట గడుస్తలేదు. ఎవరి కొంగు పట్టుకోవాలె ఇక్కడ. కుర్చీ చెయ్యి పట్టుకున్న, ఇనుము గూడ సల్లగనే ఉన్నది.

అత్తమ్మ బయటికొచ్చింది. పొద్దటి గంట అయిపోయినట్టున్నది, రైక సర్దుకుంట, కొంగుతోని మెడ తుడుసుకుంట వచ్చి నా పక్కకు కూసున్నది. పాల వాసన వస్తంది ఆమెకాడికెల్లి. నా బిడ్డ పాల వాసన, నాకు తెల్వని వాసన, ఈమె ఒంటి మీద. ఈర్ష్య ఇది, ఇంకో పేరు లేదు. మంచిగున్నదా అనడిగిన. సల్లంగ పండుకున్నది, ఫికర్ జెయ్యకు, ఇయ్యాల గూడ ఎక్కుతది అన్నది. ఎట్ల చెప్తవత్తమ్మ అన్న, జర కటువుగనే అన్న. ఆమె అటు ఇటు చూసింది, నా చెవు కాడికొచ్చింది.

"తల్లి ముడుపు పెట్టిన గద. అప్పటి సంది గాదె ఎక్కుతున్నది."

నాకు ముందుగాల సమజ్ కాలే. ఇంట్ల పెట్టినవా, దేవుని అర్రల పెట్టినవా అన్న. ఇంట్ల పెడితె పిల్లకెట్ల తాకుతదే అన్నది, ఎంత సులువుగ అన్నది. మొన్న పొద్దుగూకినంక పిల్లను చుట్టే గుడ్డ మడతల కుట్టిందట, పసుపు బట్టల పాత వెండి రూపాయి, ఇంత బంగారం ముక్క, నాలుగు బియ్యపు గింజలు. సిస్టర్ లోపలికి దారం పోగు గూడ తేనియ్యది, గందుకే ఎవ్వలకు కనవడకుంట మడత లోపల మడత పెట్టి కుట్టిందట. ఆ గుడ్డలన్ని ఆమె కుట్టినయే, మా మామ పాత ధోతి చింపి, ఉతికి, దవాఖానోళ్ళు మళ్ళ ఉడకబెట్టి ఇచ్చినయి, అన్ని ఒక్కతీరె ఉంటయి. అప్పుడు తట్టింది నాకు. కాంట మీద పిల్లను ఉత్తగ పెడితె సల్లవడుతదని గుడ్డతోనే పెడుతరు. దొంతిలకెల్లి ఒక గుడ్డ తీసి కాంట మీద పెట్టి సున్న చేస్తరు, దాన్ని తీసేసి, పిల్లను తను చుట్టుకున్న గుడ్డతోనే పెడుతరు. అన్ని గుడ్డలు ఒక్కటే బరువని. వెండి రూపాయి పదకొండు, పన్నెండు గ్రాములుంటది. బెల్లం ముక్క ఏడో ఎనిమిదో. నిన్న ఎక్కిన ఇరవై.

నిన్న నా బిడ్డ ఎక్కలే. నేను గోడకు ఆనుకొని ఏడ్చింది ఒక రూపాయి బిళ్ళకు. ఏం చేసినవత్తమ్మ, ఏం చేసినవే అని నోటిదనుక వచ్చింది, అరవాలె, గీ దవాఖాన లేసిపోయేటట్టు అరవాలె, అరవలే. ఆమె మొహం చూసిన. మోసం లేదు ఆ మొహంల, మోసం ఉంటె తిడుదును. నువ్వే అంటివి గదనే, బరువు దేవుడే ఇస్తడని, అంతట ఉన్న తల్లి తాకితెనే బరువొస్తదని, నువ్వు సదువుకున్నదానివి అంటివని గాదె నేను పెట్టిన అన్నది. ఔ, గట్లనే అనుకో. నా నోట్లె మన్నువడ. చిక్కుడుకాయలు ఇరిసేకాడ రెండు మాటలు ఎక్కువ చెప్తె నా సొమ్మేం పోయేది. అత్త మీది కోపం దుత్త మీద తీసుడు అందరికి ఎరుకే, నేను పేపర్ల మీది విసుగు అత్త మీద తీసిన.

ఇప్పుడేం చెయ్యాలె. ముడుపు గట్లనే ఉంటె ఇయ్యాల కాంట ఎక్కువే చూపియ్యచ్చు, జరంత ఎక్కినా చాలు, డాక్టరమ్మ పైపు తీస్తది, చెంచతోని పట్టుమంటది. ఎక్కని పిల్ల చెంచతోని ఎట్ల తాగుతది, తాగుటానికే ఒంట్ల ఉన్న సత్తువంత పోతది, పాలు ఊపిరి గొట్టంల పడితె. చెప్పకుండ మెల్లగ తీసేస్తె ఇరవై దిగినట్టు కనవడుతది, హైదరాబాద్. చెప్తె ఏమైతది. చెప్తె గూడ హైదరాబాదేనేమో, పిల్ల ఎక్కుతలేదని తెలుస్తది గద. చెప్పకుంటె ఇయ్యాల ఒక్క రోజు గడుస్తది, ఒక్క రోజుల నిజంగనే ఎక్కచ్చు, ఎవ్వలకు తెల్వదు, అంబులెన్స్ రాదు, రాజీవ్ రహదారి లేదు. ఎంత తియ్యగున్నది గీ ఆలోచన. కాంటకు అబద్ధం తెల్వదని క్లాసుల చెప్పిన, నిజమే, కాంట అబద్ధం చెప్పలే, ముడుపు బరువు ముడుపుకున్నది, దాన్ని నా బిడ్డదనుకున్నది మేము. ఊకుందామా. ఒక్క పొద్దు. ఊకుంటె లోపల పైపు తీసే చెయ్యి నాదే అయితది.

"చెప్తున్నత్తమ్మ, పోయి సిస్టర్‌కు చెప్తున్న," అన్న, లేవబోయిన, కుట్లు గుంజినయి.

ఆమె నా చెయ్యి పట్టుకున్నది. "జెప్పకు బిడ్డా. జెప్తె నన్ను ఇగ లోపలికి రానియ్యరు."

"రానియ్యకపోతె రానియ్యరు."

"మరి పిల్లనెవ్వరు పట్టుకుంటరు? నువ్వు పట్టుకోవు గద."

గంతే అన్నది, తిట్టినట్టు లేదు, ఉన్నది ఉన్నట్టు. నేను అందరికాడ దాసిపెట్టిన, లక్ష్మణ్‌కాడ, స్పందనకాడ, థర్మామీటర్‌కాడ గూడ, ఈ ముసలిదానికి ఎప్పటి సందో ఎరుకే, ఒక్క మాట అనలే, రోజుకు రెండు పూటలు రైక ఇప్పుకొని కూసున్నది నా బదులు. నడుము నొప్పి మనిషి, గంట కూసుంటె లేవస్తలేదు. నాకు బయమైతది అత్తమ్మ అన్న. ఎన్నడు అనని మాట, ఎట్లొచ్చిందో వచ్చింది. పట్టుకున్నంక పోతె నేనేం గావాలె అన్న. పోతదనుకొని పట్టుకోకుంటె గది ఇప్పుడే పోయినట్టు గాదె అన్నది ఆమె, అని కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నది, ఆ మాట అన్నందుకు ఆమెకే బయమైంది. నేను ఆమె చేతులకెల్లి నా చెయ్యి తీసుకున్న. తీసుకొని, అద్దాల తలుపు తోసిన.

లోపల గాలి వేరే ఉన్నది, వెచ్చగ, మందుల వాసన, మిషన్ల కూత. స్పందన కాంట మీద గుడ్డ పెట్టి సున్న చేస్తంది. డాక్టరమ్మ పక్క పెట్టె కాడ వంగి ఉన్నది. నిలవడి చెప్పిన, ఒక్క ఊపుల చెప్పిన, గుడ్డల ముడుపున్నది, మొన్న పొద్దుగూకి కుట్టిన్రు, నిన్నటి ఇరవై గ్రాములు ముడుపువి, పిల్లవి కావు. నా గొంతు క్లాసుల గొంతు లెక్కనే వచ్చింది, ఎందుకో తెల్వదు, వణకలే. స్పందన మొహం పాలిపోయింది. డాక్టరమ్మ పెట్టెలకెల్లి పిల్లను తీసింది, గుడ్డ ఇప్పింది, మూల తడిమింది, కత్తెరతోని దారం కోసింది, పసుపు మూట కింద పడ్డది. వేరే గుడ్డ చుట్టి పిల్లను కాంట మీద పెట్టిన్రు. అంకెలు ఆగుతలేవు, పిల్ల కాళ్ళు ఆడిస్తంది, పైకి పోతున్నయి, కిందికొస్తున్నయి.

"నిన్నటికంటె ఎనిమిది తక్కువ," అన్నది స్పందన మెల్లగ.

ఎనిమిది తక్కువ, అయిపోయింది, అంబులెన్స్, సంచి సదురాలె, లక్ష్మణ్ షిఫ్టు దిగేవరకు మేము సిద్దిపేట దాటుతం. డాక్టరమ్మ మాత్రం గోడ మీది కాగితం దగ్గరకు పోయింది, పెన్ను తీసి నిన్నటి అంకెను కొట్టేసింది.

"నిన్నటిది లెక్కల లేదు. మొన్నటిది చూడు. మొన్నటికంటె పన్నెండు ఎక్కువ. రెండు రోజులకు పన్నెండు, చాలదు, కానీ ఎక్కుడు మొదలైంది." నా దిక్కు తిరిగింది. "పైపు తియ్యను. హైదరాబాద్ గూడ ఇయ్యాల పంపను, రేపు చూద్దాం. మీరు చెప్పకుంటె పైపు తీద్దును మేడం, నాకు ఆ పన్నెండు ముప్పై రెండు లెక్క కనవడుతుండె." తర్వాత గొంతు గట్టిగైంది. "బాపమ్మ ఇగ లోపలికి రావొద్దు. గుడ్డల రూపాయి, బెల్లం, చీమ పడితె ఏం చేద్దురు? ఛాతి మీద మాత్రం పెట్టాల్సిందే, ఎక్కువ సేపు పెట్టాలె. ఎవరు పెట్టుకుంటరు?"

అద్దం అవుతల అత్తమ్మ నిలవడ్డది, రెండు చేతులు అద్దానికి ఆనిచ్చి. ఆమెకు మాటలు ఇనవడుతలేవు. పెదవులు చూస్తున్నది.

"నేను," అన్న.

వాలు కుర్చీల కూసోబెట్టిన్రు. నైటీ గుండీలు ఇప్పవస్తలేవు, స్పందననే ఇప్పింది. పిల్లను పట్టుకొచ్చింది, ఒట్టి టోపీ, చిన్న డైపర్, కాళ్ళు కప్ప కాళ్ళ లెక్క ముడుసుకొని. ఆపు, ఆపు అందామనుకున్న, ఆలోపే నా ఎద మీద పెట్టేసింది. సల్లగ తగిలింది ముందు, తర్వాత వెచ్చగ. బరువే లేదనుకున్న గద ఇన్ని దినాలు, పిడికెడు, పిట్ట, ఏవేవో అనుకున్న. ఉన్నది. కిలోన్నర లేదు, అయినా నా పక్కటెముకలు కిందికి పోయినయి, ఊపిరి తీస్తె దాన్ని మీదికి ఎత్తుకొని తీయాల్సొస్తంది. దాని గుండె నా గుండె మీద కొట్టుకుంటంది, ఎంత తొందర దానికి, నాదానికి ఒకటైతె దానికి రెండు. తల కదిలిచ్చింది, మూతి నా తోలుకు రాసింది, పైపు టేపు గరుకుగ తగిలింది, పిడికిలి ఇప్పి మళ్ళ మూసింది, మూసినప్పుడు నా తోలు కొంచెం దాంట్ల ఇరికింది. నొప్పి లేదు. ఏడుపొస్తంది, ఏడిస్తె ఛాతి కదులుతది, పిల్ల లేస్తది, మింగిన.

స్పందన మీదికెల్లి గుడ్డ కట్టింది, రెండు ముడులేసింది, నా ఎడమ చెయ్యి పిల్ల పిర్రల కింద పెట్టింది, కుడి చెయ్యి మెడ కాడ. గిట్లనే ఉంచాలె మేడం, కదిలియ్యొద్దు అని చెప్పి వేరే పెట్టె కాడికి పోయింది. ఎంత సేపైందో నేను గడియారం చూడలే, ఒట్టు వల్ల కాదు, మెడ తిప్పితె పిల్ల కదులుతదని. మోచేయి కాడ మొదలైంది, భుజందాక వచ్చింది, వేళ్ళు తిమ్మిరెక్కినయి, కుట్ల కాడ నిప్పు పెట్టినట్టున్నది. స్పందన మళ్ళ వచ్చి నా మొహం చూసింది.

"చెయ్యి నొస్తందా మేడం?"

"నొస్తంది," అన్న. "తియ్యకు."